కాలేజీ ఫీల్డ్ వర్కు లెక్కలు ఊరికి దక్కాలి

మన ఇళ్లలో డిగ్రీ చదివే పిల్లల పుస్తకాల్లో పర్యావరణ విద్య అనే పుస్తకం ఒకటి ఉంటుంది. బీఏ అయినా, బీకాం అయినా, బీఎస్సీ అయినా ఆ పేపరు రాయక తప్పదు. దాంతోపాటు అట్ట వేసిన రికార్డు ఒకటి ఉంటుంది. ఒకసారి తెరిచి చూడండి. చెరువు బొమ్మ, ఆహారపు గొలుసు బొమ్మ, పత్రికల్లోంచి కత్తిరించి అంటించిన పొగగొట్టాల ఫొటోలు, చివరి పేజీలో లెక్చరర్ సంతకం. ఆ చెరువు ఏ ఊరిదని అడిగితే చాలామంది పిల్లలు చెప్పలేరు. సీనియర్ రికార్డు చూసి రాసుకున్నారు. ఆ సీనియర్ తన సీనియర్‌ది చూసి రాశాడు. ఎప్పుడో ఎవరో చూసిన చెరువు, లేదా అసలు ఎవరూ చూడని చెరువు, ఏటా వందల రికార్డుల్లో నిండుగా కనిపిస్తుంది. ఊరి బయట ఉన్న అసలు చెరువులో మాత్రం సర్కారు తుమ్మ పెరుగుతోంది.

పిల్లల్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. వాళ్లు మన పిల్లలే. ఆ రికార్డు వెనక ఒక కోర్టు ఆదేశం ఉంది, ప్రభుత్వం ఒప్పుకున్న ఒక పని ఉంది. ఆ పని సరిగా జరిగితే చదువుకునే పిల్లలకు ఎంత మేలో, సేద్యం చేసే మనకు అంతకంటే ఎక్కువ మేలు. అందుకే ఇది రైతు సంఘం పట్టించుకోవాల్సిన సంగతి అంటున్నాం.

1991 నవంబరు 22న ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని విద్యాసంస్థల్లో తప్పనిసరి పాఠంగా చెప్పాలని తీర్పు ఇచ్చింది. పదేళ్లు దాటినా అమలు అంతంతమాత్రమే. కోర్టు 2003లో మళ్లీ గట్టిగా చెప్పాక యూజీసీ కదిలింది. అన్ని డిగ్రీ కోర్సులకూ ఆరు నెలల పాఠ్యప్రణాళిక వచ్చింది. మొత్తం 8 యూనిట్లు, 50 గంటలు. అందులో ఎనిమిదో యూనిట్ పూర్తిగా ఫీల్డ్ వర్కు. దానికి 5 గంటలు ఇచ్చారు, 100 మార్కుల్లో 25 మార్కులు కేటాయించారు. ఆ యూనిట్‌లో ఏముందో మన సభ్యులు తెలుసుకోవాలి. దగ్గరలో ఉన్న నదినో, అడవినో, పచ్చిక బయలునో, కొండనో చూసి అక్కడి సంపదను నమోదు చేయాలి. కలుషితమైన చోటు ఒకటి చూడాలి. అది పట్నంలోది కావచ్చు, పల్లెది కావచ్చు, ఫ్యాక్టరీ దగ్గరిది కావచ్చు, వ్యవసాయ భూమి కూడా కావచ్చు. మామూలు మొక్కలు, పురుగులు, పక్షులు గుర్తుపట్టాలి. చెరువు, వాగు, కొండవాలు ఎలా బతుకుతున్నాయో గమనించాలి.

ఈ నాలుగూ ఎక్కడ ఉన్నాయి? కాలేజీ గోడల మధ్య లేవు. మన ఊళ్లలో ఉన్నాయి.

తర్వాత సిలబస్ మారుతూ వచ్చింది. 2023లో యూజీసీ కొత్త చట్రం ఇచ్చింది, పర్యావరణ విద్యకు 4 క్రెడిట్లు పెట్టింది, క్షేత్ర పని ఉండాలని అందులోనూ చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యామండలి ఇంకో అడుగు వేసి, డిగ్రీ విద్యార్థులకు 180 గంటల సామాజిక సేవా ప్రాజెక్టు తప్పనిసరి చేసింది. పిల్లలు ఒక ఊరు ఎంచుకుని సర్వే చేయాలి, అవగాహన కార్యక్రమాలు పెట్టాలి, చిన్న ప్రాజెక్టు రాయాలి. వ్యవసాయ కళాశాలల్లో అయితే ఇది పాత పద్ధతే. బీఎస్సీ అగ్రికల్చర్ చివరి ఏడాది పిల్లలు పల్లెల్లో రైతుల దగ్గర ఉండి పని నేర్చుకునే గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమం ఉంది. కాబట్టి కాగితం మీద లోటు లేదు. గంటలున్నాయి, మార్కులున్నాయి, ఉత్తర్వులున్నాయి. లోటు ఎక్కడుందో ముగ్గు పటం చూస్తే తెలుస్తుంది.

ఊరికి వచ్చిన విద్యార్థులు రచ్చబండ దగ్గర నేల ఊడ్చి, రంగు ముగ్గులతో ఊరి పటం వేయడం మీలో చాలామంది చూసే ఉంటారు. మంచి పద్ధతి అది. ఊరి పెద్దలు, ఆడవాళ్లు చుట్టూ చేరతారు. ఇక్కడ వాగు, ఇక్కడ ఊటబావి, ఇక్కడ పోరంబోకు అని చెబుతుంటే పిల్లలు రంగులు పోస్తారు. ఒకప్పుడు నీళ్లుండి ఇప్పుడు ఎండిపోయిన బావులు ఏవో, ఎవరి చేను మీదుగా కాలువ పోయేదో, మేత భూమి ఎంత తగ్గిందో, అక్కడ నిలబడ్డ నలభై మంది నోట గంటలో బయటికి వస్తుంది. ఊరి గురించి అంత సమాచారం ఏ ఆఫీసులోనూ ఉండదు. పటం అయిపోయాక బ్యానర్ కట్టి ఫొటో దిగుతారు. ఆ ఫొటో రికార్డులోకి పోతుంది, రికార్డు కాలేజీ బీరువాలోకి పోతుంది. సాయంత్రానికి గొర్లు తొక్కి ముగ్గు చెరిగిపోతుంది. మరుసటి ఏడాది ఇంకో బ్యాచ్ వస్తుంది, ఇంకో ముగ్గు వేస్తుంది. పోయినేడు వేసిన పటం ఏదని ఊళ్లో అడిగితే ఎవరి దగ్గరా ఉండదు, కాలేజీలో అడిగితే ఎక్కడుందో తెలియదు.

మా అభ్యంతరం ఇక్కడే. నేర్చుకోవడానికి మన ఊళ్లు వాడుకుంటున్నారు, మన పని మానిపించి మనతో మాట్లాడిస్తున్నారు. చేసిన లెక్క మాత్రం మనకు ఇవ్వడం లేదు. ఇంకో సంగతి. మేము చూసిన సర్వే ఫారాల్లో 'మీకు ఎన్ని ఎకరాలు' అనే గడి ఉంది గాని కౌలుకు ఎంత చేస్తున్నారనే గడి లేదు. పురుగుమందు ఎవరు కొంటారని ఉంది, ఎవరు కొడతారని లేదు. నాలుగెకరాలు కౌలుకు చేసే మనిషి ఆ ఫారంలో భూమి లేనివాడు. పత్తి ఏరే ఆడవాళ్లు అసలు లెక్కలోనే లేరు. ఊరిని ఇలా కొలిస్తే వచ్చేది ఊరి లెక్క కాదు.

రైతులే కొలిచిన రోజులు

క్షేత్రంలో నేర్చుకోవడం అంటే ఎలా ఉంటుందో చూడటానికి మనం దూర దేశాలు పోనక్కర్లేదు. 2003 నుంచి 2009 దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో రైతుల ఆధ్వర్యంలో భూగర్భజల నిర్వహణ అనే ప్రాజెక్టు నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నడిపింది, నెదర్లాండ్స్ ప్రభుత్వం డబ్బు ఇచ్చింది. ఏడూ కరువు జిల్లాలే. మామూలుగా ఇలాంటి ప్రాజెక్టు అంటే చెక్‌డ్యాం కడతారు, పైపులు పంచుతారు. ఇందులో పంచింది కొలిచే విద్య. రైతులు, అందులో ఆడవాళ్లు కూడా, వర్షమాపకంలో వాన కొలిచారు. బోరులోకి టేపు వదిలి నీరు ఎంత లోతున ఉందో పదిహేను రోజులకోసారి చూసి రాశారు. బోరు ఎంత పోస్తోందో డ్రమ్ము పెట్టి, గడియారం చూసి లెక్కగట్టారు. వచ్చిన అంకెలు ఊరి మధ్య బోర్డు మీద రాశారు. రబీ ముందు అందరూ కూర్చుని, ఈ ఏడు వాన ఎంత పడింది, భూమిలోకి ఎంత దిగింది, అందరూ వేద్దామనుకుంటున్న పంటలకు ఎంత నీరు కావాలి అని జమాఖర్చు చూసుకున్నారు.

ఆ జమాఖర్చు పెద్ద చదువేమీ కాదు. ఎకరం మీద 1 మి.మీ. వాన పడితే సుమారు 4,000 లీటర్ల నీరు. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మి.మీ. చుట్టూ పడుతుంది. అంటే ఎకరానికి 22 లక్షల లీటర్లు. ఎకరం వరికి పంటకాలంలో సుమారు 1,200 మి.మీ. నీరు కావాలనుకుంటే 48 లక్షల లీటర్లు. వేరుశనగకు 500 మి.మీ. అనుకుంటే 20 లక్షలు. పడిన వాన మొత్తం భూమిలోకి దిగదు. ఆవిరైపోయేది పోతుంది, వాగున పోయేది పోతుంది, మిగిలిన కొంచెమే కిందికి ఇంకుతుంది. బోరు కింద ఒక ఎకరం వరి వేస్తే ఎన్ని ఎకరాల మీద పడిన వాన తాగేస్తున్నామో పదో తరగతి పాసైన పిల్ల కూడా వేసి చూపించగలదు. ఇవే అంకెలు ఒక అధికారి మైకులో చెబితే మనం వినం. మన బోరు నీళ్లు మనమే కొలిచి, మన చేత్తో రాసి, పక్కవాడి అంకె పక్కన పెట్టి చూసుకున్నప్పుడు వింటాం. ఆ ఊళ్లలో చాలా చోట్ల రైతులు నీరు ఎక్కువ తాగే పంట తగ్గించుకున్నది అలాగే. ఏ అధికారీ నోటీసు ఇవ్వలేదు. 2002లో వచ్చిన వాల్టా చట్టం బోర్లను పైనుంచి అదుపు చేయాలని చూసింది. ఆ చట్టం పని బోరు తవ్వేటప్పుడు కాగితం తెచ్చుకోవడం దగ్గర ఆగింది. బోర్డు మీద రాసిన అంకె అంతకంటే దూరం పోయింది.

అయితే ప్రాజెక్టు అన్నాక ఏదో ఒక రోజు ముగుస్తుంది. నిధులు ఆగుతాయి, జీపు వెళ్లిపోతుంది, టేపు ఎవరింట్లోనో అటక ఎక్కుతుంది. కాలేజీ అలా వెళ్లిపోదు. ప్రతి మండలానికీ కాస్త అటూ ఇటూగా ఒక జూనియర్ కాలేజీయో డిగ్రీ కాలేజీయో ఉంది. ఏటా కొత్త బ్యాచ్ వస్తుంది. 25 మార్కుల కోసం అయినా సరే ఏదో ఒకటి కొలిచి రాయాల్సిన పిల్లలు వందల్లో ఉన్నారు. కొలిచే మనుషులు లేక ఆగిపోయే పని ఒకవైపు, కొలవడానికి ఏమీ ఇవ్వక బొమ్మలు గీయించే చదువు ఒకవైపు. ఈ రెంటినీ కలపడానికి కొత్త జీవో ఏదీ అక్కర్లేదు. ఒక బావి ఎంచుకుని మే నెలలో ఒకసారి, వానలు వెనకబడ్డాక నవంబరులో ఒకసారి, అదే బావిని పదేళ్లపాటు పది బ్యాచ్‌లు కొలిస్తే చాలు. ఒక్క ఏడాది కొలత మార్కులకు పనికొస్తుంది. పదేళ్ల కొలత ఊరికి ఆస్తి.

ఆస్తి అని ఊరికే అనడం లేదు. వాతావరణ ఆధారిత బీమాలో పరిహారం వచ్చేదీ రానిదీ వాతావరణ కేంద్రం లెక్క మీద తేలుతుంది. ఆ కేంద్రం దగ్గర పడిన వాన మన ఊళ్లో పడకపోవచ్చు, ఈ సంగతి ప్రతి రైతుకూ తెలుసు. కరువు మండలాల ప్రకటన వచ్చినప్పుడల్లా మన మండలం ఎందుకు లేదని ధర్నాలు చేస్తున్నాం. చేతిలో ఏముంది? ఎండిన చేను ఫొటో ఉంది. పదేళ్లుగా రోజువారీ రాసిన వాన పుస్తకం ఉంటే, దాని మీద కాలేజీ ముద్ర ఉంటే, కలెక్టర్ దగ్గర మన మాట బరువే వేరు. పటాన్‌చెరు చుట్టుపక్కల ఫ్యాక్టరీల వ్యర్థాలతో నక్కవాగు పాడై, బావులు, పొలాలు పోగొట్టుకున్న రైతులు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. కోర్టు అడిగేది కొలత. ఏ బావి, ఏ తేదీ, నీళ్లలో ఏముంది, అంతకు ముందు ఎలా ఉండేది. ఈ చివరి ప్రశ్నకు జవాబు కష్టం వచ్చాక వెతికితే దొరకదు. ముందు నుంచే ఎవరో ఒకరు రాసి ఉంచాలి. ఫ్యాక్టరీ రాకముందే ఆ వాగు నీటిని దగ్గర్లోని కాలేజీ పిల్లలు ఏటా పరీక్షించి రాసి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోండి. ఇప్పుడు ఇంకెన్ని వాగుల పక్కన ఇంకెన్ని ఫ్యాక్టరీలకు అనుమతులు ఇస్తున్నారో చూస్తూనే ఉన్నాం.

పురుగును చూడటం నేర్పే బడి

సిలబస్‌లో పురుగులు గుర్తుపట్టడం అని ఒక ముక్క ఉందని పైన చెప్పాం. దాన్ని అద్దాల పెట్టెలో గుండుసూది గుచ్చిన సీతాకోకచిలుకతో సరిపెడుతున్నారు. పొలంలో పురుగును చూడటం వేరే విద్య. ఇండోనేషియాలో వరిని సుడిదోమ ఊడ్చేస్తున్న కాలంలో, మందు కొట్టేకొద్దీ దోమ పెరుగుతోందని, దోమను తినే సాలీళ్లు మందుకు చచ్చిపోవడమే కారణమని తేలింది. 1986లో ఆ ప్రభుత్వం వరిలో 57 రకాల పురుగుమందుల వాడకం ఆపించింది. 1989 నుంచి రైతులకు పొలం గట్టు మీదే బడి పెట్టింది. పంటకాలమంతా వారానికోసారి రైతులు చేలోకి దిగి, మొక్కలు పట్టి చూసి, పంటను తినే పురుగులెన్ని, ఆ పురుగుల్ని తినే పురుగులెన్ని లెక్కపెట్టి, పెద్ద కాగితం మీద బొమ్మ గీసి, మందు కొట్టాలా వద్దా అని తామే తేల్చుకునేవారు. ఆ బడి మన దగ్గరికి పొలంబడి పేరుతో వచ్చింది. మీలో కొందరు అందులో చదివినవారే.

డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చదివే పిల్ల ఒక పంటకాలం పొలంబడికి వస్తే ఏం నేర్చుకుంటుంది? పత్తిలో గులాబీ రంగు పురుగు కోసం లింగాకర్షక బుట్ట పెట్టి, రోజూ పొద్దున్నే వెళ్లి పడిన మగ రెక్కల పురుగుల్ని లెక్కపెడుతుంది. వరసగా మూడు రోజులు బుట్టకు 8 చొప్పున పడితే ప్రమాదం మొదలైనట్టు అని శాస్త్రవేత్తలు చెబుతారు. ఆ అంకె రాకముందే మందు డబ్బా తీసిన రైతుతో ఆమెకు వాదన వస్తుంది. ఆ వాదన ఆమెకు చదువు, రైతుకూ చదువు. డబ్బాకు పెట్టే ఖర్చు ఎంతో ఆమెకు తెలుస్తుంది, ఆగితే పంట పోతుందేమోనన్న భయం ఎలా ఉంటుందో తెలుస్తుంది. పర్యావరణ పుస్తకంలో 'రైతులు విచక్షణారహితంగా పురుగుమందులు వాడుతున్నారు' అని ఒక వాక్యం ఉంటుంది. బుట్ట దగ్గర నెల రోజులు నిలబడిన పిల్ల ఆ వాక్యం అంత తేలిగ్గా రాయదు. అప్పు ఇచ్చేదీ, మందు అమ్మేదీ, పంట కొనేదీ ఒకే షాపు అయినప్పుడు విచక్షణ ఎవరి చేతిలో ఉందని అడుగుతుంది. 2021లో మిరపను నల్ల తామర పురుగు ముంచెత్తినప్పుడు గుంటూరు నుంచి ఖమ్మం, వరంగల్ దాకా రైతులు ఏ మందు కొట్టాలో తెలియక దొరికినవన్నీ కలిపి కొట్టారు. అప్పులే మిగిలాయి. పువ్వులో దాక్కున్న ఆ చిన్న పురుగును భూతద్దంతో చూసి, కొత్త రకం అని ముందే పసిగట్టే కళ్లు ప్రతి ఊళ్లో నలుగురికి ఉంటే అంత అయోమయం ఉండేది కాదని మా నమ్మకం.

మట్టి సంగతీ అంతే. 2015లో భూసార కార్డుల పథకం మొదలైనప్పుడు మెట్ట భూముల్లో 10 హెక్టార్లకు, నీటి వసతి ఉన్నచోట రెండున్నర హెక్టార్లకు ఒక నమూనా చొప్పున తీశారు. అంటే మెట్టలో పాతిక ఎకరాలకు ఒక పిడికెడు మట్టి. పక్కవాడి ఎర్రనేల ఫలితం మన నల్లరేగడికి కార్డుగా వచ్చిందని నవ్వుకున్న రైతులున్నారు. నమూనా తీయడం కాలేజీ పిల్లలు ఒక పూటలో నేర్చుకోగల పని. చేనంతా అడ్డదిడ్డంగా తిరిగి పది చోట్ల ఆరంగుళాల లోతున ఆంగ్లంలో వీ ఆకారంలో గుంట తీసి, పక్క మట్టి గీకి, అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలోకు తెస్తారు. గట్టు పక్కన, చెట్టు కింద, పెంట పోసిన చోట తీయకూడదు. కాలేజీ రసాయనశాస్త్రం ల్యాబులో ఉదజని సూచిక, లవణాల పరిమాణం చూడొచ్చు. రసాయనం పుస్తకంలో పిల్లలు చదివే పాఠమే అది. వేరే చోటి నుంచి సీసాలో తెచ్చిన ద్రావణం బదులు మన చేని మట్టి పెడితే సరిపోతుంది.

లెక్క ఎవరిది?

ఇక్కడ మన సభ్యుల్లో ఒక అనుమానం ఉంది. దాన్ని దాచిపెట్టి రాయడం సరికాదు. బోర్ల లెక్క రాసుకుపోతే రేపు మీటర్లు పెడతారు, నీళ్లు తగ్గాయని రాస్తే కొత్త బోరుకు అనుమతి ఆపుతారు, మందుల అవశేషాలు ఎక్కువని రాస్తే మన సరుకు కొనరు అని చాలామంది అంటున్నారు. ఈ భయం అర్థం లేనిది కాదు. రైతు ఇచ్చిన సమాచారం రైతు మీదికే తిరిగిన సందర్భాలు మనకు తెలుసు. అందుకని కొలతే వద్దంటే మాత్రం నష్టం మనకే. కంపెనీలు ఉపగ్రహాలతో, సెల్‌ఫోన్ యాప్‌లతో మన పొలాల లెక్క ఇప్పటికే తీసుకుంటున్నాయి. లెక్క లేనిది మన దగ్గరే. కాబట్టి మేము అడుగుతున్నది షరతు. ఊళ్లో తీసిన ప్రతి కొలతా ముందు గ్రామసభలో చదవాలి, తెలుగులో చదవాలి. ఒక ప్రతి పంచాయతీలో, ఒక ప్రతి రైతు సేవా కేంద్రంలోనో రైతు వేదికలోనో ఉండాలి. రైతు పేరు, సర్వే నంబరు బయటికి పోకూడదు. అవి ఊరి పుస్తకంలోనే ఉండాలి. ఇంగ్లీషులో రాసిన రిపోర్టు కాలేజీకి ఎంత ముద్దొచ్చినా మాకు పనికిరాదు.

కాలేజీ వైపు ఇబ్బందులూ ఉన్నాయి. చాలా చోట్ల పర్యావరణ పేపరుకు విడిగా అధ్యాపకులు లేరు. ఎవరి గంటలు తక్కువైతే వాళ్లకు అంటగడతారు. గెస్టు లెక్చరర్‌కు గంటల చొప్పున జీతం. ఊరికి తీసుకెళ్లిన రోజు గంటలుగా లెక్కకొస్తుందో రాదో ఆయనకే తెలియదు. బస్సుకు డబ్బుల్లేవు. అరవై మంది పిల్లల్ని, అందులో ఆడపిల్లల్ని, ఎండలో బయటికి తీసుకెళ్లి ఏమన్నా అయితే బాధ్యత ఎవరిది? ఇవి నిజమైన ప్రశ్నలు. వీటికి జవాబు ప్రభుత్వం దగ్గర ఉండాలి. కోర్టు చెప్పిందని పేపరు పెట్టి, దానికి మనిషిని, బస్సును ఇవ్వకపోవడం కోర్టును మాయచేయడమే. ఆ అధ్యాపకుల పోస్టుల కోసం అడిగేవారిలో రైతు సంఘం కూడా ఉండాలని మా అభిప్రాయం. అవి మన పిల్లలకు పాఠం చెప్పే పోస్టులు.

మన ఇళ్లలోంచీ ఒక మాట వినిపిస్తుంది. 'ఈ మట్టిలోంచి బయటపడాలనే కదా చదివిస్తున్నాం, కాలేజీకి పోయి మళ్లీ మట్టే పిసకాలా?' అని తల్లిదండ్రులు అంటారు. గిట్టుబాటు ధర లేని సేద్యం చేసి విసిగిపోయిన నోటి నుంచి ఆ మాట రావడంలో ఆశ్చర్యం లేదు. కానీ మట్టి పిసకడం వేరు, మట్టిని పరీక్షించడం వేరు. మన అమ్మాయి ఊరి బావిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిందా లేదా అని తానే చూసి గ్రామసభలో నిలబడి చెబితే, ఆమె సేద్యంలోకి వెనక్కి వచ్చినట్టు కాదు. ఊరు ఆమె చదువును మొదటిసారి చూసినట్టు. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ నడిపే పచ్చసాలెలో పిల్లలు చదువుతోపాటు చేతిపనులు, సేద్యం నేర్చుకుంటారు. చదువు వల్ల చేతిపని చిన్నదైపోదని ఆ పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు. కాలేజీకి వచ్చేసరికి మాత్రం ఆ గోడ కడుతున్నాం.

ఇంకో పని కూడా కాలేజీలు, ఊళ్లు కలిసి చేయాల్సినది ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి, ఊరి మొక్కలు, విత్తనాలు, పశుజాతులు, వాటి గురించి ఊరికున్న జ్ఞానం నమోదు చేసిన రిజిస్టర్ ఉండాలి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31 లోపు అన్ని చోట్లా పూర్తిచేయాలని గడువు పెడితే హడావుడిగా రిజిస్టర్లు తయారయ్యాయి. మీ పంచాయతీ రిజిస్టర్ ఒకసారి అడిగి చూడండి. అందులో మీ ఊరి పాత వరి రకం పేరు ఉందా? మీ ఇంట్లో పెద్దామెకు తెలిసిన కూరాకు ఒక్కటైనా ఉందా? లేకపోతే వృక్షశాస్త్రం పిల్లల్ని ఆ పెద్దామె దగ్గర కూర్చోబెట్టాలి. అక్కడ గురువు ఆమె. వచ్చిన రోజుకు ఆమె కూలి పోకూడదు, గౌరవ వేతనం ఇవ్వాలి. ఊరికి వచ్చి పాఠం చెప్పించుకుని టీ తాగి వెళ్లిపోవడం ఇక చాలు. ఫీల్డ్ వర్కు 25 మార్కుల్లో కనీసం పది, పాఠం చెప్పిన రైతులు వేసేలా ఉండాలని కూడా అడుగుతున్నాం. రికార్డు చూసి రాసిన పిల్లాడికీ, బావి దగ్గరికి నాలుగుసార్లు వచ్చిన పిల్లకూ తేడా వాళ్లకే తెలుసు.

జిల్లా కమిటీలు ఈ విషయం మీద విశ్వవిద్యాలయాలకు, ఉన్నత విద్యామండళ్లకు వినతిపత్రాలు ఇస్తాయి. అవి తేలేదాకా ఆగనక్కర్లేదు. గ్రామ శాఖలు దగ్గర్లోని డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్‌ను ఈ సెలవులు ముగిసేలోపు కలవండి. అడుక్కోవడానికి వెళ్లినట్టు వెళ్లొద్దు, ఇవ్వడానికి వెళ్లినట్టు వెళ్లండి. మా ఊళ్లో కొలవడానికి ఒక తెరిచిన బావి, ఒక వాగు, పత్తి చేను, వరి చేను ఉన్నాయి, చెప్పడానికి నలుగురు రైతులం, ఇద్దరు కూలీ అక్కలు ఉన్నాం, అయిదేళ్లు మా ఊరికే పంపండి అని చెప్పండి. పంపిన లెక్క తిరిగి మాకు ఇస్తారా అని అక్కడే అడిగి రాయించుకోండి. పిల్లలు వచ్చే ముందు వారం రోజుల్లో ఆ చేలల్లో మందు కొట్టకండి, కొట్టి ఉంటే వాళ్లను లోపలికి రానివ్వకండి. బావికి గట్టు లేకపోతే చుట్టూ తాడు కట్టండి. తాగునీరు, నీడ, ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఉన్న ఇల్లు ఒకటి చూసి ఉంచండి. వర్షమాపకం పెట్టడానికి చెట్ల నీడ, ఇళ్ల గోడలు తగలని చదును జాగా కావాలి. పశువులు తగలకుండా చుట్టూ కంప వేయాలి. తొలకరికి ముందే ఆ జాగా చూసి పెట్టుకోండి.